పశువుల రిపోర్టుల వెనక చరిత్ర పుస్తకం

అది 1936. ఏలూరులో అప్పటికి బి.ఏ. చెప్పే కాలేజీ లేదు. యూనివర్సిటీ పరీక్షలకు ప్రైవేటుగా కట్టే బడిపంతుళ్లకు, గుమాస్తాలకు మా లైబ్రరీయే కాలేజీ. నేనే దానికి ప్రిన్సిపాల్ని, అటెండర్ని కూడా. ఈ మాట నవ్వుతూ అనేవాణ్ణి గానీ, లోపల గర్వంగానే ఉండేది.

లైబ్రేరియన్ అంటే కుర్చీలో కునుకు తీసేవాడని చాలామంది అనుకుంటారు. అలా అనుకునేవాణ్ణి ఒక్క పూట నా వెంట తిప్పుకుంటే సాయంత్రానికి వాడి కాళ్లు పీక్కుపోతాయి. కొత్త పుస్తకం వస్తే దానికి యాక్సెషన్ నంబరు వేయాలి. అంటే మా ఇంట్లో అది ఎన్నో బిడ్డో రాసుకోవడం. ఏ విషయానికి చెందిందో చూసి వీపు మీద చీటీ అంటించాలి. అన్నిటికన్నా పెద్ద చాకిరీ షెల్ఫ్ రీడింగ్. రోజూ పొద్దున్నే అరల ముందు నడుస్తూ ప్రతి పుస్తకం తన చోట ఉందో లేదో చూసుకోవడం అన్నమాట. నాకు అది సుప్రభాతం లాంటిది.

నేను చేరేనాటికి పుస్తకాలన్నీ తాళం వేసిన బీరువాల్లో ఉండేవి. పాఠకుడు చీటీ రాసిస్తే ప్యూను వెళ్లి తెచ్చేవాడు. మద్రాసులో పని నేర్చుకుని వచ్చిన వేడి మీద ఉన్నాను కదా, ఓపెన్ యాక్సెస్ పెట్టాల్సిందేనని పట్టుబట్టాను. పుస్తకాలు తెరిచిన అరల్లో ఉండాలి, ఎవరికి వారే చూసి తీసుకోవాలి. మా కమిటీ అధ్యక్షులు పెద్ద ప్లీడరుగారు. ఆయనకు ఇది బొత్తిగా నచ్చలేదు.

"ఏవండీ, మిఠాయి కొట్టుకి తలుపులు తీసేసి ఈగల్ని రావద్దంటే ఎలాగండీ?" అన్నారు.

"చదివేవాళ్లు ఈగలు కాదండి."

"సరే, ఒక్క ఏడాది చూద్దాం. ఒక్క పుస్తకం పోయినా మళ్లీ తాళాలే. మళ్లీ ఈ మాట మీరు ఎత్తకూడదు."

నెలలు గడిచాయి. ఒక్క పుస్తకం పోలేదు. నేను ఛాతీ విరుచుకుని తిరుగుతున్నాను. ఇంకో నెలలో ఏడాది నిండుతుందనగా ఇంగ్లండు చరిత్ర రెండో సంపుటం మాయమైంది! పోయి పోయి అదే పోవాలా? ఇంటర్ పరీక్షకు కట్టినవాళ్లందరికీ అదే ఆధారం, మా దగ్గర ఉన్నది ఒక్కటే ప్రతి. రిఫరెన్స్ పుస్తకం కనక ఇంటికి ఇవ్వం, అక్కడే కూర్చుని చదువుకోవాలి. తాడేపల్లిగూడెం నుంచి శనివారం శనివారం రైలెక్కి వచ్చే పంతుళ్లు ముగ్గురు లబోదిబోమన్నారు. వాళ్లలో సోమయాజులు మాష్టారు మా కమిటీ సభ్యులు కూడా. ఆయన ఆ రోజే ప్లీడరుగారి చెవిన వేశారు. పై వారం ఆదివారం సాయంత్రం మీటింగు అని నాకు కబురొచ్చింది.

నాకు అన్నం సయించలేదు. అయినా నా బుర్ర ఒకటే చెబుతూ వచ్చింది. అమ్ముకునే దొంగైతే రెండు సంపుటాలూ పట్టుకుపోతాడు. ఒక్కటే పోయిందంటే అది చదివేవాళ్ల పని. చదివేవాళ్లయితే పుస్తకం ఈ గోడల మధ్యే ఉంది.

శుక్రవారం పొద్దున్న షెల్ఫ్ రీడింగ్ చేస్తూ పశువుల జబ్బుల రిపోర్టుల దగ్గర ఆగిపోయాను. సర్కారు వారు ఉచితంగా పంపిన ఆ లావుపాటి రిపోర్టుల్ని వచ్చిన నాటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదు. వాటి మీద మా ఏలూరు దుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది. అందులో రెండింటి మీద మాత్రం దుమ్ము చెరిగిపోయి ఉంది. ముందుకు లాగి చూద్దును కదా, వెనకాల గోడకి చేరబడి మా ఇంగ్లండు చరిత్ర! ఎగిరి గంతేసినంత పని చేశాను. కానీ పుస్తకం తియ్యలేదు. రిపోర్టులు ఎక్కడివక్కడ సర్దేసి, ఎవరొస్తారో చూద్దామని ఊరుకున్నాను.

శనివారం పొద్దువాలే వేళకి కృపావతి వచ్చింది. కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో మిషన్ బడి పంతులమ్మ. బడి వదిలాక పడవ ఎక్కి, ఆపైన జట్కాలో ఏలూరు చేరి, పిన్నిగారింట్లో ఆ రాత్రి ఉండి, ఆదివారం చర్చి అయ్యాక వెళ్లిపోయేది. ఆడవాళ్ల కోసం హాలు మూల ఒక తెర కట్టించాం. ఆ తెర వెనక కూర్చుని చదువుకునేది. ఆ వేళ నేరుగా పశువుల రిపోర్టుల దగ్గరకు నడిచింది.

"ఏమ్మా, పశువైద్యం పరీక్షకి కూడా కట్టారా?" అన్నాను వెనక నుంచి.

పాపం, పిల్ల ముఖం పాలిపోయింది. "ఎత్తుకుపోదామని కాదండి. నేను వచ్చేసరికి అది గూడెం మాష్టార్ల చేతుల్లో ఉంటుందండి. వాళ్లు రైలుకి వెళ్లేదాకా వదలరు. ఆ తర్వాత నాకు మిగిలేది గంటేనండి. పరీక్ష పోతే హైస్కూల్లో నాకిస్తామన్న ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారండి."

"ఒక్క మాట అడగొచ్చు కదమ్మా?"

"నలుగురు మగవాళ్ల మధ్యకి వెళ్లి ఎలా అడగనండీ?"

రేపటి మీటింగులో ఆమె పేరు బయటికి రానివ్వనని మాటిచ్చి పుస్తకం తీసుకున్నాను.

ఆదివారం మీటింగు హాల్లోనే జరిగింది. పుస్తకం బల్ల మీద పెట్టాను.

"శభాష్. ఎవరు దాచారండీ?" అన్నారు ప్లీడరుగారు.

"చెప్పనండి."

"చెప్పకపోతే రేపటి నుంచి బీరువాలకి తాళాలేనండీ."

"మీ ఇష్టమండి. పేరు మాత్రం చెప్పను."

అంతే, ఏడాది కష్టం నీళ్లపాలైందనుకున్నాను. అప్పుడు మూలనున్న తెర కదిలింది. ఈపాటికి పడవలో ఉండాల్సిన కృపావతి లేచి వచ్చి బల్ల ముందు నిలబడింది.

"నేనేనండి దాచింది. తాళాలున్నప్పుడు చీటీ రాసి తెర వెనక కూర్చునేదాన్నండి. ప్యూను ఏది తెస్తే అదే చదివేదాన్ని. మీరు తాళాలు తీశాకే లోపల ఎన్ని పుస్తకాలున్నాయో నా కళ్లతో చూశానండి. నన్ను రావద్దనండి, పడతాను. బీరువాలు మాత్రం మూయించకండి."

ప్లీడరుగారు కండువా సర్దుకున్నారు. ముందుగా నోరు విప్పింది సోమయాజులు మాష్టారే.

"మేం ముగ్గురం ఒక్క పుస్తకం ముందేసుకుని కూర్చుంటామండి. ఒకడు చదువుతుంటే ఇద్దరం కబుర్లే. ఇక నుంచి శనివారం సాయంత్రం అది ఆవిడకి వదిలేస్తామండి."

"తప్పు తప్పేనమ్మా. ఇంకోసారి దాస్తే సభ్యత్వం తీసేస్తాను," అన్నారు ప్లీడరుగారు.

"అలాగేనండి."

"తాళాల సంగతి వచ్చే ఏడాది చూద్దాం లెండి," అన్నారు నా వైపు చూడకుండా. ఆ తర్వాత ఆయన మళ్లీ ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు.

మర్నాడే నా బల్ల పక్కన రిజర్వ్ అర పెట్టాను. పరీక్ష పుస్తకాలు అందులో ఉంటాయి, ఎవరి వంతు ఎప్పుడో నేనే చెబుతాను. కృపావతి తర్వాతి శనివారం నుంచి తెర ఇవతలే కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు.

పరీక్ష ఫలితాలు వచ్చాక ఒకరోజు వచ్చి, పశువుల రిపోర్టుల దగ్గర నిలబడింది.

"పాసయ్యానండి."

"ఎందులోనమ్మా, పశువైద్యంలోనా?"

ఫకాలున నవ్వేసింది. నేనూ నవ్వాను, ఆమె కన్నా గట్టిగా. పేపరు చూసుకుంటున్న ప్లీడరుగారు తలెత్తి, "ఏవండీ, నిశ్శబ్దం అని బోర్డు రాయించింది మీరే కదండీ?" అన్నారు. ఆయన మీసాల కింద కూడా నవ్వే ఉంది. నాకు యూనివర్సిటీ పట్టా వచ్చినా అంత సంతోషం కలిగేది కాదు.

తర్వాత నేను ఇంకా పెద్ద లైబ్రరీల్లో పనిచేశాను. పుస్తకం కనపడలేదంటే నా కింది వాళ్లు, ఎవరు తీశారా అని వెతికేవారు. ఎవరికి అందలేదో ముందు కనుక్కోండయ్యా అనేవాణ్ణి. చాలాసార్లు పుస్తకమూ దొరికేది, మనిషీ దొరికేవాడు.