వీరమ్మగారి ఒకవేళ

వీరమ్మగారు నోరు తెరిస్తే ముందుగా వచ్చే మాట "ఒకవేళ". రామచంద్రపురం దగ్గర కాలవగట్టు మీదున్న ఆ ఊళ్ళో అందరూ ఆవిణ్ణి ఎదురుగా వీరమ్మగారనీ, చాటుగా ఒకవేళమ్మ అనీ పిలిచేవారు. చాటుపేరు సంగతి ఆవిడకు తెలుసు. తెలిసినా కోపం లేదు. ఒకవేళ ఊళ్ళోకి ఇంకో వీరమ్మ కాపురానికొస్తే గుర్తుపట్టడానికి పనికొస్తుందిలే అనేది.

నూతికి వెళ్తే రెండు చేదలు పట్టుకెళ్ళేది, ఒకటి తెగి పడితే రెండోది ఉండాలని. పడ్డదాన్ని పైకి తీయడానికి పాతాళగరిగె సరేసరి. ఆ పాతాళగరిగె కూడా నూతిలో పడితేనో అని ఎవరో ఎగతాళి చేస్తే, అందుకే అటక మీద ఇంకోటి ఉంచానని నెమ్మదిగా చెప్పింది. పడవెక్కితే నడుం చుట్టూ ఎండు కొబ్బరికాయలు కట్టుకునేది, మునిగితే తేలడానికి. కాలవలో నీళ్ళు మొలలోతేనండీ అని సరంగు నవ్వాడోసారి. "ఒకవేళ నేను కూర్చుని ఉండగా మునిగితే?" అంది ఆవిడ.

వీరమ్మగారు చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరిన మనిషి. మేనల్లుడు చంద్రరావును తనే పెంచింది. చంద్రరావు భార్య రామలక్ష్మికి ఈ అత్తయ్యగారి జాగ్రత్తలు చూస్తే మొదట్లో పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చేది. ఆ నవ్వు ఒక్క విషయంలో ఆగిపోయింది. రామలక్ష్మికి పిల్లలు లేరు. దత్తత తీసుకుందామని రెండుసార్లు ఉయ్యాల కట్టింది, రెండుసార్లూ తన చేత్తోనే విప్పింది. మొదటి పిల్లవాడి తల్లి తీరా ముహూర్తానికి వడ్లగాదెలోకి దూరి కూర్చుంది. రెండో తల్లి రేవుదాకా వచ్చి, గట్టు ఎక్కకుండానే పడవ వెనక్కి తిప్పించుకుంది.

దీని వెనక జగన్నాథరావు నోరుంది. ఆయన చంద్రరావుకి పెదనాన్న కొడుకు. చంద్రరావుకి కొడుకు లేకపోతే పొలం తన పిల్లలకొస్తుందని ఆశ. ఆయన అబద్ధాలేమీ ఆడలేదు, ఆ ఇంటి ఆనవాయితీనే తల్లుల చెవిలో ఊదాడు. బిడ్డనిచ్చిన తల్లి ఆ ఇంట అన్నం ముట్టకూడదు, వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి, ఏడాది తిరిగేదాకా గడప తొక్కకూడదు. అది విన్న ఏ తల్లి గుండె నిలుస్తుంది?

మూడోసారి మాటిచ్చింది బుల్లెమ్మ. ఆవిడ భర్త చంద్రరావుకి జ్ఞాతి, ఊరు కాలవ ఎగువన. వరసగా నలుగురూ మగపిల్లలే. రామలక్ష్మి అంటే ప్రాణం కనక, చిన్నవాడు అబ్బుల్ని నీ ఒళ్ళో పెడతానని తనంతట తానే అంది. ఈసారి కూడా ఉయ్యాల విప్పాల్సివస్తే మళ్ళీ కట్టే ఓపిక తనకు లేదని రామలక్ష్మి వీరమ్మగారి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వీరమ్మగారు కొంగు బిగించింది.

ఇక చూడాలి ఆ హడావిడి. పంతులుగారికి పడిశం పడితేనో అని ఇంకో పంతుల్ని రప్పించి, ఇద్దరినీ ముందురోజే అరుగు మీద పడుకోబెట్టింది. ఇచ్చే సమయానికి ఎవరైనా తుమ్మితే అపశకునమని, ఊళ్ళో పొడుం పీల్చేవాళ్ళందరినీ పిలిచి గడ్డిమేటు వెనక మంచాలేయించింది. వాళ్ళ ఫలహారాలు కూడా అక్కడికే. అన్నిటికన్నా ఘనకార్యం, జగన్నాథరావు ఇంటికి స్వయంగా వెళ్ళడం. ఒరేయ్ జగన్నాథం, ఇంటికి పెద్దవాడివి, తంతు జరిగినంతసేపూ కలశం నీ చేతుల్లోనే ఉండాలంది. ఆయన పొంగిపోయాడు. రెండు చేతులా నిండు కలశం పట్టుకున్నవాడు ఎవరి చెవి దగ్గరికీ వంగలేడని ఆయనకు తోచలేదు.

ముహూర్తం రోజు పొద్దున్నే బుల్లెమ్మ, భర్త, అబ్బులు పడవ దిగారు. కాసేపటికి రామలక్ష్మి పసుపునీళ్ళ కోసం రేవుకి వెళ్తే, ఆ పడవ ఇంకా అక్కడే ఉంది. పైగా మొహం ఎగువకి తిప్పి ఉంది. సరంగు యెహెజ్కేలు గెడ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరికోసం ఉన్నావు?" అంది రామలక్ష్మి.

"బుల్లెమ్మగారి కోసమండి. బిడ్డనెత్తుకొచ్చి ఎప్పుడు కూర్చుంటే అప్పుడు తీసెయ్యమన్నారండి వీరమ్మగారు."

రామలక్ష్మి వెంటనే పడవ తీసుకుని వెళ్ళిపొమ్మంది.

"మీరొచ్చి అలా అంటారని కూడా చెప్పారండి," అన్నాడు యెహెజ్కేలు తల గోక్కుంటూ. "అన్నా కదలొద్దన్నారు. ఒకవేళ మీ మాట కాదనలేక నేను పోతే, ఆ మలుపులో మా తమ్ముడు ఇంకో పడవతో ఉన్నాడండి."

రామలక్ష్మి ఇంటికి ఎలా వచ్చి పడిందో ఆవిడకే తెలియదు. వీరమ్మగారు వంటింటి పక్క గదిలో కొత్త చాప పరుస్తోంది. ఇన్నాళ్ళూ నా మేలు కోరుతున్నారనుకున్నాను, పారిపోవడానికి దారి మీరే వేసిపెడతారా అని రామలక్ష్మి ఏడ్చేసింది. వీరమ్మగారు చాప మీద కూలబడింది.

"నన్ను కాపురానికి పంపినప్పుడు నాకు పదేళ్ళమ్మా. దింపిన పడవ దింపినట్టే వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే కాలవ ఖాళీ. ఆ భయం నాకింకా పోలేదు. ఆ రెండుసార్లూ ఆ తల్లులు పారిపోయారంటే, వాళ్ళకీ అదే భయం కదూ?"

అత్తయ్యగారి జాగ్రత్తలన్నీ ఎక్కడ పుట్టాయో రామలక్ష్మికి ఇన్నేళ్ళకు తెలిసింది.

ముహూర్తం వచ్చింది. మంత్రాలయ్యాయి. బిడ్డను ఒళ్ళో పెట్టాల్సిన సమయానికి బుల్లెమ్మ చేతులు బిగుసుకుపోయాయి. అబ్బులు ఆవిడ మెడ కరుచుకున్నాడు. జగన్నాథరావు ఆవిడ వైపు వంగబోయాడు గానీ, కలశంలో నీళ్ళు తొణికి పంచె తడిసేసరికి నిటారుగా కూర్చున్నాడు.

"బుల్లెమ్మా," అంది వీరమ్మగారు, పెద్దగా, అందరికీ వినపడేలా. "పడవ రేవులోనే ఉంది. వెళ్తానంటే బిడ్డనెత్తుకుని వెళ్ళు. ఎవరూ నిన్ను మాట అనరు. దారిలో ఆకలేస్తే పెరుగన్నం మూట పెట్టించాను."

"ఇచ్చి ఉంటానంటేనో అత్తయ్యగారూ?" అంది బుల్లెమ్మ, వినీవినపడకుండా.

"నీకు గది కడిగించాను. వాడికి ఇక్కడ అలవాటయ్యేదాకా ఉండు, ఇక్కడే తిను. ఆ తరవాత చూడాలనిపించినప్పుడల్లా అదే పడవెక్కి రా. ఆనవాయితీ సంగతి నేను చూసుకుంటాను."

రామలక్ష్మి చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. "పద అక్కా, రేవుదాకా నేను వస్తాను," అని లేవబోయింది.

బుల్లెమ్మ ఆవిడ భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. అబ్బుల్ని ముద్దు పెట్టుకుని, నెమ్మదిగా ఆవిడ ఒళ్ళో పెట్టింది. వాడు ఒక్కసారి బావురుమని, పక్కనే అమ్మ కూర్చుని ఉండడం చూసి ఊరుకున్నాడు. సరిగ్గా అప్పుడు గడ్డిమేటు వెనక నుంచి ఇల్లదిరేలా ఒక తుమ్ము వినబడింది. ఒళ్ళో పడ్డాక తుమ్మితే ఏ దోషమూ లేదని ఇద్దరు పంతుళ్ళ చేతా చెప్పించింది వీరమ్మగారు. ఒకరు చెబితే చాలదట.

బుల్లెమ్మ ఆ గదిలో వర్షాకాలమంతా ఉంది. ఆ తరవాత ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉంది. అబ్బులు ఇద్దరినీ అమ్మా అనే పిలిచేవాడు. పిలిస్తే ఇద్దరూ పలికేవారు.

అబ్బులికి పెళ్ళై కోడలు కాపురానికొచ్చిన నాటికి వీరమ్మగారికి చూపు బాగా తగ్గింది. అయినా కొత్తపెళ్ళికూతురు గడపలోకి అడుగుపెట్టగానే దగ్గరికి పిలిపించుకుని చెవిలో ఏదో చెప్పింది. పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. ఏంటమ్మా అని రామలక్ష్మి అడిగింది.

"పడవ రేవులోనే ఉందటండి అత్తయ్యగారూ. పెరుగన్నం మూట కూడా పెట్టించారట."

రామలక్ష్మి ఈసారి పడవను వెళ్ళిపొమ్మనలేదు. పాలేరును పిలిచి, మలుపులో రెండో పడవ ఉందో లేదో చూసి రమ్మంది.