గిన్నెలు తోమే పిల్ల పేరు అడిగిన మనిషి

మా హాస్టల్ వంటమ్మ పోయింది. ముంచింగిపుట్టు సంతకి వచ్చిన ఆమె ఊరి మనిషి ఒకాయన, నేను పనిచేసే ఆసుపత్రి దాకా నడిచొచ్చి ఆ మాట చెప్పాడు. నాలుగు రోజులు ఆయాసపడిందట. డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చేసరికే ఊపిరి లేదట.

తొంభైల్లో మా గిరిజన బాలికల హాస్టల్లో అందరికీ ఆమే వండేది. పొగకి కళ్ళెప్పుడూ ఎర్రగా ఉండేవి. అన్నం వడ్డిస్తూ ప్రతి పిల్ల చెయ్యీ ఓసారి ముట్టుకునేది. ముద్దు చేస్తోందనుకునేదాన్ని. ఒళ్ళు వేడిగా ఉందేమో చూస్తోందని తరవాత తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంగ్లీషు టీచరుగారు, భాష అలవాటవుతుందని, ఒక ఇంగ్లీషు సీరియల్ క్యాసెట్లు వేసేవారు. వందేళ్ళ కిందటి ఇంగ్లండు. పెద్ద బంగళా. మేడమీద దొర, దొరసాని, పెళ్ళి కావలసిన ఇద్దరు కూతుళ్ళు. కింద వంటింట్లో ఎప్పుడూ నవ్వని బట్లరు, లావుపాటి వంటావిడ, గిన్నెలు తోమే పిల్ల. మాకు గౌన్లే కనపడేవి. ఒక్క ఇంగ్లీషు ముక్క రాని వంటమ్మ గుమ్మంలో నిలబడి ఆ వంటిల్లే చూసేది.

"ఆ గుంటకి జొరం. ఎవులూ సూడ్డం నేదు," అంది ఒకసారి, గిన్నెలు తోమే పిల్లని చూపిస్తూ.

నిజమే. రెండు వారాలకి ఆ పిల్ల దగ్గుతూ పొయ్యి దగ్గర కూలబడింది. ఆ పైవారం కనపడలేదు. మేడమీద విందు జరుగుతోంది.

"ఆ గుంట ఏదమ్మా?" అని అడిగింది వంటమ్మ.

"చచ్చిపోయిందట. చిన్న వేషం కదా," అన్నారు టీచరుగారు.

"పేరేటి?"

టీచరుగారు చివర్లో తెరమీద పైకి పోయే పేర్లు చూశారు. దొరకీ బట్లరుకీ పేర్లున్నాయి. ఆ వేషానికి 'వంటింటి పనిపిల్ల' అని మాత్రమే ఉంది. "నటించినమ్మాయి బాగానే ఉండుంటుందిలే," అని నవ్వారు.

"ఆడినామెకి ఏటీ అవ్వదు. అలాటి గుంట నిజంగా ఎక్కడో ఉంటాది కదమ్మా," అంది వంటమ్మ.

ఆ వానాకాలమే, రాత్రుళ్ళు నా పక్కన పడుకునే చిలకమ్మకి జ్వరం వచ్చింది. వార్డెన్ రెండు మాత్రలిచ్చి ఊరుకుంది. ఆస్పత్రికి పంపమని వంటమ్మ మూడుసార్లు వెళ్ళి అడిగింది. మూడో రోజు మధ్యాహ్నం, స్టోరు గదిలో, వంటమ్మ ఒళ్ళోనే చిలకమ్మ పోయింది.

విచారణకి ఆఫీసర్లు వచ్చారు. పిల్ల సెలవు మీద ఇంటికెళ్ళి అక్కడ పోయిందని వార్డెన్ చెప్పింది. హాజరు పుస్తకంలోనూ అలాగే రాసి ఉంది. మమ్మల్ని వరసగా నిలబెట్టి అడిగారు. నాకు తెలుసు. నేను మాట్లాడలేదు.

టీ గ్లాసులు తెచ్చిన వంటమ్మ పళ్ళెం కింద పెట్టింది. "నేదు బాబూ. ఇక్కడే పోనాది. నేనే గంజి పట్టినాను, మింగనేదు. దాని పేరు చిలకమ్మ. రాసుకోండి," అంది.

ఆఫీసరు రాసుకున్నాడు. వార్డెన్‌ను బదిలీ చేశారు. వారానికోసారి హాస్టల్‌కి నర్సు రావడం మొదలైంది. వంటమ్మ రోజుకూలి మనిషి కాబట్టి ఏ కాగితమూ లేకుండానే మానిపించేశారు. ఆ తరవాత కొండమీద పోడు చేసుకుని బతికింది.

నేను నర్సు చదువుకి వెళ్ళింది ఆమె వల్లే. ఉద్యోగం వచ్చాక ఆ మాట చెబుదామని వెళ్ళి, ముందుగా ఆ రోజు నోరు విప్పనందుకు ఏడ్చాను.

"నువ్వు సిన్నదానివి. నాకే బయమేసింది, నీకెయ్యదేటి?" అంది.

ఆమె భయపడిందని అప్పటిదాకా నాకు తెలియదు. మాట్లాడుతుంటే ఎగశ్వాస వస్తోంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తానన్నాను. "సూద్దారిలే," అంది. నేను మళ్ళీ వెళ్ళి పట్టుబట్టలేదు.

నిన్న ఆమె ఊరు వెళ్ళాను. పూడ్చిన చోట మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. వాన ముంచుకొస్తోందని ఊరంతా కోతల్లో ఉంది. ఆమె కోడలు బిడ్డను వీపున కట్టుకుని, వంగి, చోడి కంకులు ఒక్కొక్కటే కోస్తోంది. తల ఎత్తలేదు.