గవరయ్య మేస్త్రి దాచిన చెక్క

ఉదయం మొదటి విమానం పక్కనే ఉన్న విమానాశ్రయంలో దిగేటప్పుడు మా కిటికీలు గలగలమంటాయి. లంబాలైన్‌లో ఉండేవాళ్లకు ఇది వింత కాదు. కానీ ఈ వానాకాలం నుంచి ఆ చప్పుడు మారింది. మునుపు అద్దం ఒక్కటే అదిరేది. ఇప్పుడు పడకగది కిటికీ రెక్క మొత్తం చట్రంలో కొట్టుకుంటోంది. ఆ వెంటనే, కిటికీలు చేసిన ఈ దీవుల పడాక్ చెక్క నానిన వాసన, కాస్త పులుపు, కాస్త మిరియం ఘాటు, మంచం దాకా వస్తుంది. ఆ వాసన వచ్చినప్పుడల్లా గవరయ్య మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నట్టే ఉంటుంది. లేచి చూస్తే ఎవరూ ఉండరు. ఇంట్లో నేనొక్కణ్ణే.

ఈ కిటికీల గురించి నాలుగుసార్లు కబురు చేశాను. బతు బస్తీలో ఉండే పార్వతికి, అంటే ఈ కిటికీలు చేసిన గవరయ్య కూతురికి. రెండు ఉత్తరాలు, ఒక ఫోను, చివరికి ఆమె పక్కింటి మనిషి ద్వారా ఒక మాట. ఈ రోజు దాకా జవాబు లేదు. నేనడిగింది గొంతెమ్మ కోరిక కాదు. మీ నాన్న షెడ్డులో మా ఇంటి పేరు రాసిపెట్టిన చెక్క ఒకటి ఉండాలి, ఉందా లేదా? ఇంతే. నన్ను పట్టించుకోకపోవడం ఈ ఊళ్లో చాలామందికి అలవాటే. బడిలో నా పదవీ విరమణ సభలో వక్త నా పేరు మరిచిపోయి సైన్సు మాస్టారి పేరు చెప్పాడు. ఎవరూ సరిదిద్దలేదు. ఆ వరసలో కూర్చున్నవాళ్లెవరో ఇప్పటికీ చెప్పగలను. అయినా వాటన్నిటినీ భరించాను. ఇది మాత్రం భరించలేకపోతున్నాను.

సంగతి ఇదీ. ఇంటికి ఎనిమిది కిటికీలు. ఆరు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. నైరుతి వైపున్న రెండింటికి అడుగు పట్టీలు కుళ్లాయి. బాగు చేయించాలా, మొత్తం పీకించి అల్యూమినియంవి పెట్టించాలా అన్నది తేల్చుకోవాలి. చౌల్దారీలో ఒక వడ్రంగి ఉన్నాడు. గవరయ్య దగ్గర పని నేర్చినవాడు. అతను వచ్చి చూసి, "ఈ కిటికీలు కోసిన చెట్టు చెక్కే తెస్తే అతుకుతాను మాస్టారూ, ఇంకో చెక్కయితే నేను ముట్టుకోను, అల్యూమినియమే నయం" అని వెళ్లిపోయాడు. ఆ చెట్టు చెక్క ప్రపంచంలో ఎక్కడైనా ఉంటే గవరయ్య షెడ్డులోనే ఉండాలి.

గవరయ్యను ఎరగనివాళ్లకు ఆయన గురించి చెప్పాలి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి, ఈ స్థలంలో గోడలు లేపిన రోజుల్లో, ఎవరో చెబితే కిటికీల కోసం ఆయన్ను పిలిపించాను. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. మనిషి పొట్టి, చేతులు మాత్రం పొడుగు. సైకిల్ గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. టేపు తీస్తాడేమోనని చూస్తే వరండాలో చతికిలబడ్డాడు. కాసేపటికి వాన మొదలైంది. లేచి, తలుపులూ కిటికీలూ లేని ఆ గదులన్నీ తిరిగాడు. గోడ అంచుల మీద అరచెయ్యి ఆనించి, తడి ఎంతదాకా వస్తోందో చూశాడు.

"ఏమయ్యా, కొలతలు తీసుకోవా?" అన్నాను.

"తీసుకుంటాను మాస్టారూ. గోడ ఎక్కడికి పోతాది? బారిష్ ఏ పక్కనుండి కొడతాదో సూడాలి ముందు. గోడ కొలిసి సేస్తే గోడకి సరిపోయే ఖిడికీ వస్తాది. మీకు వానకి సరిపోయేది కావాల కదా."

నాకు వేళాకోళంగా అనిపించింది. పక్కనున్న నా భార్య సుశీలతో, "ఈయన పనికి వచ్చాడా, వాన చూడ్డానికి వచ్చాడా?" అన్నాను. ఆయన వినేశాడు.

"రెండిటికీనమ్మా. కూలి ఒకదానికే అడుగుతాను," అన్నాడు సుశీల వైపు చూసి. ఆమె నవ్వింది. నా ఇంట్లో నా మాటకు కాక ఆయన మాటకు నవ్విందని ఆ రోజంతా నాకు గుర్రుగానే ఉంది.

నైరుతి వైపు కిటికీలకు అడుగు పట్టీ వెడల్పుగా, బయటికి వాలుగా చేశాడు. నీరు నిలవకుండా జారిపోవడానికి. బందులు ఇత్తడివి పెట్టాడు. ఇనుమైతే సముద్రగాలికి నాలుగేళ్లు ఆగవని ఆయన లెక్క. పని పూర్తవుతుండగా ఒకసారి బతు బస్తీలో ఆయన షెడ్డుకు వెళ్లాను. పైన అడ్డకర్రల మీద వరసగా చెక్కలు పేర్చి ఉన్నాయి. ఒక్కొక్క దాని మీద పెన్సిలుతో ఏదో రాసి ఉంది. మిగిలిపోయిన ముక్కలా అని అడిగాను.

"మిగిలిపోవడమేటి మాస్టారూ, కావాలని తీసి పెట్టినవే. ఇదిగో, ఇది కంపౌండరు గారిది. ఇది పోస్టాఫీసు దీదీది. ఏ ఇంటికి ఖిడికీలు సేసినా ఆ పేడ్ నుండి ఒక చెక్క దాస్తాను. రేపు మరమ్మతు వస్తే ఆ చెట్టుదే అతకాల. వేరేది పెట్టారనుకోండి, వానకి ఒకటి ఉబ్బుతాది, ఒకటి ఊరుకుంటాది. కాపురం కుదరదు."

"మరమ్మతు ఎప్పుడో ముప్పై ఏళ్లకు వస్తే?"

"వస్తే రానీండి. అప్పటికి నేనుండకపోవచ్చు, చెక్క ఉంటాది." చెవి మీది పెన్సిలు తీసి, కొత్త చెక్క మీద 'లంబాలైన్ మాస్టారు' అని నా కళ్లముందే రాసి పైకి ఎక్కించాడు. ఈ దీవుల్లో నా పేరిట ఒక చోటు ఉందని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే. ఆ మాట ఆయనతో అనలేదు.

రెండో ఏడు జులైలో పడకగది కిటికీ బిగుసుకుపోయింది. మూస్తే తెరుచుకోదు, తెరిస్తే మూసుకోదు. గవరయ్యకు కబురు పెట్టాను. "ఫిబ్రవరిలో వస్తాను" అని జవాబు. జులైలో పిలిస్తే ఫిబ్రవరా? మళ్లీ పెట్టాను. అదే మాట. మూడోసారి నేనే వెళ్లాను. ఆయన ఏదో పెట్టెకు మూత బిగిస్తున్నాడు.

"ఖిడికీ వాన తాగేసింది మాస్టారూ. అరగనివ్వండి. ఇప్పుడు సిత్రిక పడితే మీకు బాగుంటాది, ఎండాకాలానికి సూడండి తమాషా."

"నా ఇంటి కిటికీ నేను మూసుకోవడానికి నీ ముహూర్తం కావాలా?"

"నాది కాదు, దానిది," అన్నాడు తల ఎత్తకుండా.

తల ఎత్తకపోవడమే నాకు పట్టుకుంది. మాట కాదు. ఇంటికి వచ్చి సుశీలకు చెబితే, "ఆగమన్నాడు కదండీ, ఆగుదాం. అందాకా దుప్పటి అడ్డం కట్టుకుందాం," అంది. నేను ఆగలేదు. ఇంకో వడ్రంగిని తెచ్చి, కుండపోత వానలో చిత్రిక పట్టించాను. ఈ దీవులకు కొత్తగా వచ్చిన ప్రతివాడూ చేసే తప్పే. ఇక్కడ పుట్టినవాణ్ణయి నేనూ చేశాను. రెక్క సుతారంగా మూసుకుంది. ఆ సంతోషంలో కూర్చుని గవరయ్య మీద మా తెలుగు బడి హెడ్మాస్టరుకు అర్జీ రాశాను. అప్పట్లో ఆయన మా బడి బల్లలూ కిటికీలూ బాగు చేసేవాడు. పిలిస్తే రాడనీ, పెద్దవాళ్లంటే లెక్కలేదనీ, ఇలాంటివాడికి బడి పని తగదనీ రెండు పేజీలు. ఆ పని ఆయన చేతిలోంచి పోయింది. నా ఫిర్యాదుల్లో పని జరిగిన మొదటి ఫిర్యాదు అదే.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ఏడున్నరకు గవరయ్య సంచీతో గుమ్మంలో ఉన్నాడు. నేను పక్కకు జరిగాను. ఆయన నేరుగా పడకగదిలోకి వెళ్లాడు. అప్పటికి చెక్క ఆరి, రెక్కకూ చట్రానికీ మధ్య వేలు దూరే సందు పడింది. ఆ సందును చాలాసేపు చూసి, ఎవరు చిత్రిక పట్టారని కూడా అడగకుండా, సన్నటి పట్టీ ఒకటి కోసి, అతికి, నున్నగా చేశాడు. మధ్యాహ్నం అయింది. సుశీల టీ తెచ్చింది.

"తాగొచ్చానమ్మా," అన్నాడు.

తరువాత నాతో, సామాను సర్దుకుంటూ, "అర్జీ సదివాను మాస్టారూ. దస్తూరీ బాగుంది. కానీ ఒక్క మాట తప్పు రాశారు. నేను రానని సెప్పలేదు. ఎప్పుడొస్తానో సెప్పాను," అన్నాడు.

అంతే. కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకు తేలికయ్యేది, నేనూ ఒకటి అనేవాణ్ణి.

ఆ తరువాత పదకొండు ఫిబ్రవరులు ఆయన వచ్చాడు. ఎవరూ పిలవకుండానే. ఎనిమిది కిటికీలూ తెరిచి మూసి, బందులకు నూనె రాసి, సందుల్లో లప్పం పెట్టి వెళ్లేవాడు. ప్రతిసారీ సుశీల టీ తెచ్చేది. ప్రతిసారీ "తాగొచ్చానమ్మా." బతు బస్తీ నుంచి పొద్దున్నే సైకిల్ తొక్కుకుంటూ వచ్చే మనిషి ఎక్కడ తాగొస్తాడు? మొదటిదాంతో కలిపి పన్నెండు గ్లాసులు. నాకు జరిగిన అవమానాలన్నిటిలోకీ ఇది పెద్దదని చాలాకాలం అనుకున్నాను. అది నాకు నేనే తెచ్చుకున్నదని సుశీల ఒకసారి అంది. "ఒక్క మాట తప్పయిందని చెబితే తాగుతాడండీ." చెబుదామనే అనుకున్నాను. వచ్చే ఫిబ్రవరికి, వచ్చే ఫిబ్రవరికి అనుకున్నాను.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది లేదని అనలేను. తరగతిలో ఒక్కో పిల్లవాడు హఠాత్తుగా బిగుసుకుపోతాడు. నోరు విప్పడు, లెక్క చెయ్యడు. మునుపైతే ఆ రోజే వంచేవాణ్ణి. గవరయ్య తరువాత, వాళ్లింట్లో ఏ వాన కురుస్తోందో ముందు చూడటం అలవాటైంది. కొందరు బాగుపడ్డారు. పెద్దవాళ్లతో మాత్రం ఆ ఓర్పు రాలేదు. అది నా లోపమే, ఒప్పుకుంటాను.

పన్నెండో ఏట ఆయన రాలేదు. మోకాళ్లు పోయాయని విన్నాను. చూడటానికి వెళ్లలేదు, నన్నెవరూ పిలవలేదు కదా అనుకున్నాను. నాలుగేళ్ల క్రితం సుశీల పోయినప్పుడు, ఎవరి చెయ్యో పట్టుకుని, కర్ర ఊతంగా వచ్చి, వరండాలో ఒక గంట కూర్చుని వెళ్లాడట. నేను లోపల ఉన్నాను, నాకెవరూ చెప్పలేదు. కిందటేడు ఆయన పోయినప్పుడూ నాకెవరూ చెప్పలేదు. వారం తరువాత కూరగాయల దుకాణంలో తెలిసింది. వెళితే పార్వతి ఏమంటుందోనని భయపడి వెళ్లలేదు. కబురు చెప్పనందుకు కోపమొచ్చి వెళ్లలేదని అందరితో అన్నాను.

మొన్న అల్యూమినియం కుర్రాడు వచ్చి రెక్కలను బొటనవేలితో నొక్కి చూశాడు. "ఛోడ్ దీజియే అంకుల్, లక్డీ అంతా సడిపోయింది. స్లైడింగ్ పెట్టేస్తే ఇరవై ఏళ్లు టెన్షన్ ఉండదు."

"కుళ్లింది రెండింట్లోనే. అదీ అడుగు పట్టీలే."

"అయితే ఆ రెండూ మార్చి ఆరూ ఉంచేస్తారా? షో ఉండదు అంకుల్. పైగా ఇంట్లో మీరొక్కరే కదా, ఇవన్నీ ఎవరు చూసుకుంటారు?"

ఎప్పటిలోగా చెప్పాలని మాత్రం అడిగాను. నెలాఖరుకు చెన్నై నుంచి షిప్పు వస్తుంది, ఆలోపు చెప్పకపోతే నా వంతు సరుకు వేరేవాళ్లకు పోతుందన్నాడు. నిజం చెప్పాలంటే అతను చెప్పేది తెలివైన మాటే. తేలికైన రెక్కలు, చెద పట్టదు, ఉబ్బవు. మూసినా తెరిచినా ఒకేలా జారతాయి. ఫిబ్రవరిలో ఎవరూ రానక్కర్లేదు.

పార్వతికి ఫోను చేసినప్పుడు ఆసుపత్రి డ్యూటీలో ఉంది. నేనెవరో, నాకేం కావాలో చెప్పాను. "నాన్నగారి షెడ్డు తాళం వేసే ఉంది మాస్టారూ. సూడాలి," అంది. "ఎప్పుడు?" అన్నాను. ఎవరో సిస్టర్ అని పిలిచారు, ఫోను పెట్టేసింది. నెలన్నర అయింది. ఆమె తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ కూడబలుక్కుని చదువుతుందట. నా ఉత్తరాలు రెండూ తెలుగులోనే రాశాను. హిందీలో రాయమని పక్కింటివాళ్లు అన్నారు. ఆ అర్జీ తెలుగులో రాసినవాణ్ణి, దీన్ని ఇంకో భాషలో ఎలా రాస్తాను?

అందుకే అందరూ చదివేలా ఈ పత్రికలో రాస్తున్నాను. బతు బస్తీలో ఎవరైనా ఆమెకు ఇది చదివి వినిపించండి.

పార్వతీ, మీ నాన్న తప్పు చేయలేదు. ఆయన వస్తానన్న రోజుకే వచ్చాడు. నేను రాసింది అబద్ధం. ఆ మాట ఆయనకు చెప్పవలసింది, నీకు చెబుతున్నాను. నువ్వు నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, వింటాను. కానీ ఒక్కసారి ఆ షెడ్డు తాళం తీసి, పైకెక్కి చూడు. అర్జీ తరువాత కూడా ఆ చెక్కను ఆయన ఉంచాడా? ఉంచితే దాని మీద నా పేరు అలాగే ఉందా, కొట్టేసి ఉందా? పొయ్యిలో పెట్టేసి ఉంటే అదైనా చెప్పు. చెక్క ఇవ్వమని అడగడం లేదు. కిటికీలు ఏమైనా కానీ. ఉందో లేదో నాకు తెలియాలి. షిప్పు వచ్చేలోపు జవాబు చెప్పు.