రంగు పోయిన జూమ్ లెన్స్

సుమారు పదేళ్ళ కిందట, ఎండాకాలం మొదట్లో, ఒక కుటుంబ కథాచిత్రానికి నన్ను స్టిల్ ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నారు. షూటింగ్ ఎక్కువ భాగం జూబ్లీహిల్స్‌లో అద్దెకు తీసుకున్న ఒక పాత బంగళాలో జరిగింది. మా ఇల్లు యూసుఫ్‌గూడలో, అందుకని పొద్దున్నే టిఫిను తిని స్కూటరు మీద తాపీగా వెళ్ళినా మేకప్ వాళ్ళకంటే ముందే చేరేవాణ్ణి.

స్టిల్ ఫొటోగ్రాఫర్ ఏం చేస్తాడో చాలామందికి తెలియదు. సినిమా తీసేది కెమెరామన్. పత్రికల్లో, గోడల మీద, ఫోన్లలో మీరు చూసే బొమ్మలు మావి. యూనిట్‌లో మా హోదా ఏమిటో ముప్పై ఏళ్ళు పనిచేసినా నాకు కచ్చితంగా తెలియలేదు. కెమెరా డిపార్ట్‌మెంట్ మమ్మల్ని తమవాళ్ళు అనుకోదు, పబ్లిసిటీ వాళ్ళకు మా మొహాలే తెలియవు. భోజనాల దగ్గర మాత్రం మర్యాదగానే పిలుస్తారు.

పని పద్ధతి ఇలా ఉండేది. షాట్ ఓకే అయ్యాక అసోసియేట్ డైరెక్టర్ "స్టిల్స్" అని కేక వేస్తాడు. లైట్లు ఆర్పరు. నటీనటులు ఆ షాట్‌లోని ఒక భంగిమలో కదలకుండా నిలబడతారు. మేము సినిమా కెమెరా ఉన్న చోటికి వెళ్ళి, రెండు మూడు ఫొటోలు తీసుకుని తప్పుకుంటాం. అంత దగ్గరికి వెళ్ళే వీలుంటే దూరపు లెన్స్‌తో పనేముంది? ఒక్క మామూలు లెన్స్‌తోనే నెట్టుకొచ్చాను. ఆ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

ఆ సినిమాలో కథంతా తల్లి పాత్రదే. ఆ వేషం వేసినావిడను ఇక్కడ విశాలాక్షి గారు అంటాను, అసలు పేరు అది కాదు. ఏళ్ళ తరబడి అక్కగా, వదినగా, పక్కింటావిడగా వేసిన మనిషి. పోస్టరు మీద ఆవిడ బొమ్మ ఒక్కసారీ పడలేదు. అంతకు ముందు ఏడాది ముఖానికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పట్టు తప్పింది. వైద్యంతో చాలామటుకు తగ్గినా పెదవి చివర కొంచెం కిందికి జారే ఉండేది. దర్శకుడు అది తెలిసే ఆవిణ్ణి తీసుకున్నాడు. కష్టాలు పడ్డ తల్లి మొహం అలాగే ఉండనివ్వండి, మేకప్‌తో దాచొద్దు అని అందరికీ చెప్పాడు.

నటిస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. "స్టిల్స్" అని కేక పడగానే వచ్చేది చిక్కు. కదలకుండా నిలబడమనేసరికి ఆవిడకు తన పెదవి గుర్తొచ్చేది. దాన్ని సరిచెయ్యబోయి మూతి బిగించేవారు, ఎడమ చెంప కనబడకుండా తల తిప్పేసేవారు. ఆ వారం తీసిన స్టిల్స్‌లో ఒక్కటీ పనికి రాలేదు. ఒకరోజు ఆవిడే నన్ను పక్కకు పిలిచి, "ఏమనుకోకండి మాస్టారూ, మీరొచ్చి ఎదురుగా నుంచుంటే డాక్టరు గారు పరీక్ష చేస్తున్నట్టు ఉంటుందండీ" అన్నారు. నేను ఏమీ అనుకోలేదు. కానీ ఏం చెయ్యాలో కూడా తోచలేదు.

ఈలోగా ప్రొడక్షన్ మేనేజర్ నుంచి కబురు వచ్చింది. ఆవిడ భాగం షూటింగ్ ఈ షెడ్యూలుతో అయిపోతుంది, మొదటి పోస్టరు ఆలోగా తేల్చాలి. "ఆవిడది ఒక్క మంచి బొమ్మ ఇవ్వండి గురువు గారూ. లేదంటే హీరోని ఒక్కణ్ణే వేసి కానిచ్చేస్తాం, డిజైనర్ కూడా అదే నయమంటున్నాడు" అన్నాడు. సగం సినిమా తియ్యకుండానే పోస్టరు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సామెత నోటిదాకా వచ్చినా మింగేశాను. నాకు ఒళ్ళు మండింది మాత్రం నిజం. తల్లి కథకు తల్లి లేని పోస్టరేమిటి? ఇన్నేళ్ళకు ఆవిడకు గోడ మీద దక్కబోయే చోటు నా కెమెరా దగ్గర ఆగిపోతోంది.

బంగళా హాలు రెండంతస్తుల ఎత్తు. పైన చుట్టూ వరండా, దానికి కర్ర కటకటాలు. షాట్ జరుగుతుండగా అక్కణ్ణించి తీస్తే ఎలా ఉంటుందని దర్శకుణ్ణి అడిగాను. మన సినిమాలకు మాటలు తర్వాత డబ్బింగ్ చెప్పుకుంటారు కనుక కెమెరా చప్పుడుతో సౌండ్‌కు నష్టం లేదు. ఆయన సరేనన్నాడు. పైకెక్కి నా మామూలు లెన్స్‌లోంచి చూస్తే కింద సోఫాలో మనిషి కందిగింజంత ఉంది. దూరపు లెన్స్ కావాలి, అదీ జూమ్ కావాలి. వరండాలో నేను ముందుకు కదల్లేను, ఆవిడ మాత్రం హాలంతా తిరుగుతారు. ఒకేచోట నిలబడి నిలువెత్తు మనిషినీ, మొహాన్నీ రెండూ పట్టుకోవాలంటే జూమ్ తప్ప దారి లేదు.

మా వృత్తిలో సామాను ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, కంపెనీ ఇవ్వదు. పెద్ద పెద్దవాళ్ళు వాడే కొత్త లెన్స్ కొనాలంటే నా స్కూటరు అమ్మినా చాలదు. అద్దెకు తెద్దామంటే హాల్లో ఆవిడ సీను ఏ రోజు పెడతారో కాల్‌షీట్ వచ్చేదాకా ఎవరికీ తెలియదు, అన్నాళ్ళూ అద్దె కడుతూ కూర్చోవాలి. అందుకని కోఠిలో నాకు అలవాటైన యాదగిరి దుకాణానికి వెళ్ళాను.

ఎంత దూరం లాగుతుందో చెప్పే మిల్లీమీటర్ల అంకె ఉంటుంది, యాదగిరికి అది పెద్దదైతే లెన్స్ గొప్పదన్న లెక్క. "గిది తీస్కో సార్, మూడొందల దాంక పోతది. గాడ గోడ మీద బల్లి కండ్లు సుత కనవడ్తయ్" అన్నాడు. బల్లి కళ్ళతో నాకు పనిలేదన్నాను. రెండోది అంత దూరం పోదు గానీ చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉంది, తేలిక, ధర అందుబాటులోదే. పాత పరిచయం కొద్దీ రెండూ ఒక్కరోజుకు ఇంటికిచ్చి పంపాడు.

ఆ సాయంత్రం మా మేడ మీంచి ఎదురింటి గోడ మీద కేలండరు, వీధిలో ఆగిన బళ్ళ నంబర్లు తీసి చూశాను. మొదటిది కొంచెం వణికింది. రెండోది అచ్చు గుద్దినట్టు వచ్చింది. ఇంకేం, ఇదే అనుకున్నాను. కింద వసారాలో ట్యూబ్‌లైటు కింద మా ఆవిడ కమల గోంగూర ఆకు తుంచుతోంది. చివరగా ఒకటి తీద్దామని కదలొద్దన్నాను. "కదలకుండా ఆకెలా తుంచుతానండీ, మీ హీరోయిన్‌నా నేను?" అని తన పని తాను చేసుకుపోయింది. కెమెరా తెరమీద చూస్తే వెనక గోడ మీద పగులు కూడా స్పష్టంగా ఉంది, కమల చేతులు మాత్రం మంచులో ఉన్నట్టు అలుక్కుపోయాయి.

నా తెలివి అప్పుడు తెలిసొచ్చింది. జన్మంతా మనుషుల్ని కదలకుండా నిలబెట్టి తీసినవాణ్ణి కదా, లెన్స్‌ని కూడా కదలనివాటి మీదే పరీక్షించాను. వణుకును సర్దే ఏర్పాటు సర్దేది తీసేవాడి వణుకునే. ఎదుటి మనిషి కదలికను అది ఆపలేదు. దాన్ని ఆపాలంటే షట్టరు త్వరగా మూసుకోవాలి, అందుకు వెలుతురు ఎక్కువ రావాలి. లెన్స్ మీద ఉండే రెండో అంకె సంగతి ఇక్కడే వస్తుంది, అది ఎంత తక్కువైతే అంత ఎక్కువ వెలుతురు. చౌక జూమ్‌లను పూర్తిగా లాగితే ఆ అంకె ఐదు పాయింట్ ఆరుకు పోతుంది. రెండు పాయింట్ ఎనిమిది ఉన్న లెన్స్ రానిచ్చే వెలుతురులో నాలుగో వంతే అప్పుడు లోపలికి వస్తుంది.

మర్నాడు రెండూ తిరిగిచ్చేసి, యాదగిరి అద్దాల బీరువాలో వెనకెక్కడో పడున్న మూడోదాన్ని దించమన్నాను. ఎనభై నుంచి రెండొందల దాకా, ఎక్కడైనా రెండు పాయింట్ ఎనిమిదే. ఎవరో వాడి వదిలేసింది. ఒళ్ళంతా నల్లరంగు లేచిపోయి లోపలి లోహం కనబడుతోంది. టార్చి వేసి లోపల బూజు పట్టిందేమో చూశాను. అద్దాల మధ్య సాలెగూడు లాంటి మరక ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. ఇది శుభ్రంగానే ఉంది. దానంతట అది ఫోకస్ చేసుకోవడం నెమ్మది, పైగా గరగరమని చప్పుడు. ఫిల్ము రోజుల్లో చేత్తో ఫోకస్ చేసినవాణ్ణి కనుక అది నాకు లెక్కలోది కాదు. "గంత పాతది ఎందుకు సార్, జర సోచాయించు. రంగు మొత్తం పోయింది" అన్నాడు యాదగిరి. నా జుట్టు రంగూ పోయింది, పని మానేశానా అన్నాను. బరువు మొయ్యడానికి ఒంటికాలు స్టాండు కూడా కొన్నాను. రెండూ భుజాన వేసుకుని ఇంటి నుంచి షూటింగ్‌కు బయల్దేరుతుంటే, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టుందని కమల నవ్వింది.

చెప్పకుండా ఫొటో తియ్యడం మా వృత్తిలో తప్పు. విశాలాక్షి గారికి ముందే చెప్పాను: ఇకమీద స్టిల్స్ కోసం ఆపను, దగ్గరికి రాను, షాట్ జరుగుతుండగా పైనుంచి తీసుకుంటాను అని. ఆవిడ ఆలోచించి ఒక షరతు పెట్టారు. "తీసినవి ముందు నాకే చూపించాలండీ. నేను వద్దన్నది ఇంకొకరి కంట పడకూడదు." ఒప్పుకున్నాను. ఆవిడ అన్నీ వద్దంటే పోస్టరు హీరోది, అది ఇద్దరికీ తెలుసు.

పైన ఎక్కడ నిలబడాలని కెమెరామన్‌ని అడిగితే, హాల్లో ఉన్న అద్దాల బీరువాలో నా నీడ పడుతుందని వరండా అంతా తిప్పి, చివరికి ఒక స్తంభం పక్కన చోటు ఇచ్చాడు. అక్కణ్ణించి చూస్తే విశాలాక్షి గారి ఎడమ వైపే కనబడుతుంది. ఆవిడ దాచుకునే వైపు. వేరే చోటు లేదు.

ఆ రోజు తీసేది ఆవిడ చివరి సీను. రాత్రి పూట అన్నట్టు టేబుల్ లైటు ఒక్కటే వెలుగుతున్న హాల్లో తల్లి ఉతికిన బట్టలు మడతపెడుతుంది. కొడుకు, అంటే మా హీరో, వచ్చి ఉద్యోగం దొరికిందని అబద్ధం చెబుతాడు. అబద్ధమని ఆమెకు తెలుసు. "అన్నం తిన్నావా?" అని మాత్రం అడుగుతుంది. రిహార్సల్స్ రెండూ నేను కెమెరా ఎత్తకుండా చూశాను. ఆ మాట అడిగే ముందు ఆవిడ చేతులు బట్టల మీద ఆగుతున్నాయి, రెండుసార్లూ అక్కడే. అసలు షాట్‌లో ఆ చోటుకు ముందే కంటి మీద ఫోకస్ పెట్టుకుని కాచుకున్నాను. చేతులు ఆగాయి. వరుసగా తీశాను. ఆవిడ ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

షాట్ ఓకే అయ్యాక మేకప్ గదిలో ఆవిడ ముందు కెమెరా పెట్టాను. కళ్ళద్దాలు తెచ్చుకుని ఒక్కొక్కటే చూశారు. కొన్నిటిని చెరిపెయ్యమన్నారు, అక్కడికక్కడే చెరిపేశాను. చేతులు ఆగిన ఫొటో దగ్గర ఆవిడా ఆగారు. అందులో పెదవి చివర జారే ఉంది, ఆ పక్క కన్ను కొంచెం మూతపడింది, దాచడానికి ఏమీ లేదు. నా వేలు చెరిపే మీట మీదే పెట్టి ఉంచాను, మాట మాటే కదా.

"ఇది నేను కాదండీ, ఆ పిల్లాడి తల్లి" అన్నారు. "ఆవిడ మొహం చెరిపెయ్యడానికి నేనెవర్ని? ఉండనివ్వండి." తర్వాత కళ్ళద్దాలు తీస్తూ, "ఇంతకీ మీరెక్కడ నుంచున్నారు?" అని అడిగారు.

పోస్టరు ఆ బొమ్మతోనే వచ్చింది. ముందు ఆవిడ, వెనక గుమ్మంలో మసగ్గా హీరో. కృష్ణానగర్ గోడల మీద వారం రోజులు ఉంది, తర్వాత దాని మీద ఇంకో సినిమా అంటించారు. ఇలాంటిది మొదటే ఇచ్చుంటే ఇంత హైరానా ఉండేది కాదు కదా గురువు గారూ అన్నాడు మేనేజర్. నిజమేనన్నాను, వాదించి లాభం లేదు.

దూరపు లెన్స్ ఏది కొనమంటారని ఇప్పటికీ కొత్తవాళ్ళు నన్ను అడుగుతుంటారు. ఎన్ని వందల దాకా పోతుందన్నది ఆఖర్న చూసుకోమంటాను. మీరు ఎక్కడ నిలబడాలి, అక్కడ వెలుతురెంత, ఎదుటి మనిషి కదులుతాడా కదలడా, ఈ మూడూ తేలితే డబ్బుకు తగ్గ లెన్స్ దానంతట అదే తేలుతుంది. పాతదైనా ఫర్వాలేదు, బూజు ఉండకూడదు. కొనేముందు గోడలనూ కేలండర్లనూ కాకుండా పనిచేసుకుంటున్న మనిషిని తీసి చూడండి. దూరాన ఉన్న మనిషిని దగ్గరికి తెచ్చే లెన్స్ అని దుకాణాల్లో అంటారు. నా దగ్గర అది చేసిన పని ఒక్కటే, ఆవిడ ఎదుట నుంచి నన్ను తప్పించింది.