నిమ్మకాయ గుచ్చిన కత్తి

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఖాళీ గోడంటూ ఉండేది కాదు, ప్రతి గోడ మీదా ఏదో ఒక కోర్సు పేరుండేది. మైత్రీవనం ముందు నుంచి నడిస్తే చాలు, మన బతుకు ఏ కోర్సుతో బాగుపడుతుందో చెప్పే కరపత్రాలు చేతిలో కుక్కేవారు. డిగ్రీ పట్టుకుని గోదావరి జిల్లా నుంచి దిగిన నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగులో చేరాను. టెస్టింగ్ అంటే ఎదుటివాడు చేసిన పనిలో తప్పులు వెతకడమని మొదటి రోజే మాస్టారు చెప్పారు. ఇది మా ఇంటి ఆడవాళ్లకి ఉగ్గుపాలతో వచ్చిన విద్యే కదా, దీనికి ఫీజెందుకు కట్టించుకున్నారా అనుకున్నాను. నెల తిరిగేసరికి ఈ లోకంలో నా కంటపడకుండా తప్పించుకునే తప్పు లేదనే నమ్మకం కుదిరిపోయింది. (ఉద్యోగం మాత్రం కుదరలేదు, అది వేరే సంగతి.) ఇరవై రెండేళ్ల వయసులో ఉన్న ఆ ధీమా ఇప్పుడెక్కడైనా దొరికితే కాస్త తెచ్చుకుందామని ఉంది.

ఆదివారం వచ్చిందంటే హాస్టల్ సాంబారు నుంచి తప్పించుకుని శ్రీనగర్ కాలనీలో మా పెద్దనాన్న ఇంటికి పోయేదాన్ని. పెద్దనాన్న బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. బొద్దింకని చూస్తే కుర్చీ ఎక్కే ఆ మనిషికి కత్తుల పిచ్చి. హాల్లో ఒక గోడ నిండా మేకులు కొట్టి వంకర కత్తులు, తిన్నని కత్తులు, ఒరలున్నవి, లేనివి వరసగా వేలాడదీశాడు. వచ్చినవాళ్లని సోఫాలో కూర్చోబెట్టి ఏ కత్తి ఏ యుద్ధంలో ఎవరి చేతిలో ఉండేదో చెప్పేవాడు. కిందటి నెల ఒక కోట సేనాపతిదైన కత్తి ఈ నెల ఇంకో కోటకి బదిలీ అయ్యేది (బ్యాంకు అలవాటు). వాటిలో చాలావరకు ఎగ్జిబిషన్లలోనూ, సినిమా సామాను అద్దెకిచ్చేవాళ్ల దగ్గరా కొన్న నకళ్లేనని ఇంట్లో మాకందరికీ తెలుసు. "ఇనప సామానుకి ఇంత చరిత్రేంటండీ, టీ చల్లారిపోతోంది" అనేది పెద్దమ్మ.

అనుమానం లేకుండా పాతది ఒక్కటే ఉండేది, అది పెద్దమ్మ పుట్టింటి కత్తి. మూరెడు పొడవు, ఇత్తడి పిడి, పిడి చివర అరిగిపోయిన చిలక, ఆ చిలకకి ఒక కన్నే మిగిలింది. వాళ్లింట్లో పెళ్లయితే దిష్టి తగలకుండా ఆ కత్తి మొనకి నిమ్మకాయ గుచ్చి పెళ్లికొడుకు చేతికిస్తారు, మూడు ముళ్లు పడేదాకా అతను దాన్ని కింద పెట్టకూడదు. పెద్దనాన్న అలాగే పట్టుకుని పెళ్లి చేసుకున్నాడు. అయితే ఆ పెళ్లికి ఒక్క ఫొటో కూడా లేదు. నేను తీస్తానని ముందుకొచ్చిన పెద్దమ్మ మేనమామ రీలు వెయ్యడం మర్చిపోయి, పెళ్లంతా ఖాళీ కెమెరానే నొక్కాడట. "మా పెళ్లికి సాక్ష్యం ఈ కత్తేనే అమ్మడూ. రాత్రంతా పట్టుకునే ఉన్నాను, చెయ్యి వణికితే ఒట్టు" అని దాన్ని తుడుస్తూ చెప్పేవాడు పెద్దనాన్న. మిగతా కథలు మారినా ఆ ఒక్క కథ ఎన్నిసార్లు చెప్పినా మారేది కాదు.

ఒకసారి వాళ్లిద్దరూ తిరుపతి వెళ్లి వచ్చేసరికి ఇంటి తాళం పగిలి ఉంది. గోడ మీద మేకులు తప్ప ఏమీ లేవు. టీవీ ఉంది, మిక్సీ ఉంది, వెండి కుంకుమ భరిణ కూడా ఉంది. ("నా భరిణ మూత తీసి చూసి మళ్లీ అక్కడే పెట్టాడు వెధవ" అని పెద్దమ్మ చాలా నొచ్చుకుంది.) అంతకు కొన్నాళ్ల ముందు పై వాటా అద్దెకు చూస్తానని వచ్చిన ఒకడు వాటా సంగతి వదిలేసి, హాల్లో కూర్చుని అన్ని కత్తుల కథలూ చెవులు రిక్కించి విన్నాడట. "అంత శ్రద్ధగా విన్నవాణ్ని నేనింతవరకూ చూడలేదే" అన్నాడు పెద్దనాన్న దిగులుగా. నిజమే మరి, ఆ కథలన్నీ నమ్మిన మనిషి ఈ భూమ్మీద ఆ దొంగ ఒక్కడే.

కంప్లయింట్ ఇవ్వడానికి నేనూ, పెద్దనాన్నా, తోడుగా కాలనీ సంఘం అధ్యక్షులవారూ పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. "కత్తులు పాతయా, కొత్తయా?" అని అడిగాడు కానిస్టేబుల్ రాసుకుంటూ. పెద్దనాన్న గొంతు సవరించుకుని "పురాతనమైనవండీ, వెల కట్టలేం" అన్నాడు. "అట్లనా. గంత పాతయైతే రిజిస్టర్ జేయించిన కాయితాలు, లైసెన్సు ఉంటయి గద. జర చూపియ్యుండ్రి సార్" అన్నాడు కానిస్టేబుల్. పెద్దనాన్న నా వైపు చూశాడు, నేను ఫ్యాన్ వైపు చూశాను. ఆ కథల్ని ఏళ్ల తరబడి వింటున్న అధ్యక్షులవారు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నారు. "అంటే... అన్నీ పాతవి కాదండీ." "మరెన్ని?" "ఒక్కటి." "మిగిలినయి?" "షోకేసువండీ" అన్నాడు పెద్దనాన్న, పక్కనున్న నాకే సరిగా వినపడనంత చిన్నగా. "ఆ ఒక్కటి దేనికి సార్?" "మా ఆవిడ పుట్టింటిదండీ. పెళ్లిలో నిమ్మకాయ గుచ్చడానికి." కానిస్టేబుల్ మొహంలో ఏ మార్పూ లేకుండా 'నిమ్మకాయ కత్తి, ఒకటి' అని రాసుకున్నాడు. అధ్యక్షులవారు మర్యాదస్తులు, బయటికొచ్చేదాకా నవ్వలేదు.

పరువు సంగతి పెద్దనాన్న పట్టించుకోలేదు గానీ ఆ చిలక కత్తి పోయినందుకు మాత్రం కుంగిపోయాడు. అన్నం కెలికి లేచిపోయేవాడు. ఖాళీ మేకు కింద కుర్చీ వేసుకుని చదివిన పేపరే తిరగేసేవాడు. ఇనప సామాను అని వెక్కిరించే పెద్దమ్మ ఒకరోజు ఆ మేకు మీద దుమ్ము తుడుస్తుంటే చూసి నాకు ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపులోనే "నేను తెచ్చిపెడతాను పెద్దనాన్నా" అని మాటిచ్చాను. అక్కడితో ఆగినా బాగుండేది. "తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే కదా మా కోర్సు" అని కూడా అన్నాను. ఆ తర్వాత నేను చేసిన పరిశోధన ఏమిటయ్యా అంటే, పాత సామాన్ల కొట్ల ముందు గంభీరంగా అటూ ఇటూ తిరిగి, చెరుకు రసం తాగి, హాస్టల్‌కి పోయి పడుకోవడం.

దొంగని పట్టుకున్నది పోలీసులే. వాడు ఆ కత్తుల్ని పురాతన వస్తువులు కొనేవాళ్లందరి దగ్గరికీ తిప్పి, అందరి చేతా నవ్వించుకుని, విసిగిపోయి చివరికి అమీర్‌పేట సందులో పెళ్లి షేర్వాణీలు అద్దెకిచ్చే కొట్టులో వదిలించుకున్నాడట. ఒక ఆదివారం పొద్దున్నే కానిస్టేబుల్ మమ్మల్ని ఆ కొట్టుకి రమ్మన్నాడు. కొట్టు యజమాని (షేర్వాణీ అన్న అందాం) మమ్మల్ని చూడగానే చేతులు జోడించాడు. "నాకేమెరుక సార్, డెకరేషన్ కత్తులన్నడు, తీసుకున్న" అంటూ అట్టపెట్టె దించాడు. మా సేనాపతుల కత్తులన్నిటికీ ఎర్ర మఖమల్ చుట్టి, అద్దాలూ ముత్యాలూ అంటించి ఉన్నాయి. పెద్దనాన్న ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ పెట్టె అడుగు దాకా వెతికాడు. చిలక కత్తి లేదు.

"గా చిన్నదా సార్? గిరాకీకి పోయింది. ఇయ్యాల్నే పెండ్లి, పంజాగుట్ట దిక్కు ఫంక్షన్ హాల్ల. రేపు వాపస్ వస్తది, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు షేర్వాణీ అన్న. "రాకపోతే?" అన్నాడు పెద్దనాన్న. "సగం కత్తులు రావు సార్. డ్యాన్సులు జేసుకుంట ఏడనో పడేస్తరు. డిపాజిట్ ఉంటది గద, మనకేం నుక్సాన్ లేదు!" ఆ ధైర్యం విన్నాక పెద్దనాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. పెళ్లివారికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. కానిస్టేబుల్‌ని తోడు రమ్మంటే, "నేనొస్తే డీజే బంద్ జేయించనీకి వచ్చిన్నని అందరు ఉరుకుతరు. మీరే మర్యాదగ అడిగి తెచ్చుకోండ్రి" అని మోటార్‌సైకిల్ ఎక్కేశాడు.

పెద్దమ్మని కూడా ఎక్కించుకుని ఆటోలో బయల్దేరాం. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి, సగం రోడ్డు రేకుల వెనకాలే ఉండేది. పైగా ఆ రోజు మంచి ముహూర్తం. చౌరస్తా ఇంకా ఇంత దూరం ఉండగానే ఆటో కదలడం మానేసింది. ముందు ఎక్కడో బ్యాండు వినపడుతోంది. మాటిచ్చింది నేను కదా అని ఆటోలోంచి దూకి పరుగెత్తాను. మొదట కనపడిన పూల కారు దగ్గరికి పోయి, పెళ్లికొడుకు ఒళ్లో ఉన్న కత్తి పట్టుకుని ఒక్క లాగు లాగాను. పిడి ఊడి నా చేతికొచ్చింది, లోపలంతా థర్మాకోల్. "ఏమైందక్కా?" అన్నాడు పెళ్లికొడుకు బెదిరిపోయి (నాకంటే ఎంత లేదన్నా పదేళ్లు పెద్దవాడు). "ఏం లేదండీ, శుభాకాంక్షలు" అని పిడి మళ్లీ గుచ్చేసి ముందుకు పరుగెత్తాను.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఇంకో ఊరేగింపు ఆగి ఉంది. ఎదురుకోళ్లు జరుగుతున్నాయి, ఆడపెళ్లివాళ్లు పంచదార పళ్లేలతో నిలబడ్డారు. పెళ్లికొడుకు చేతిలో మా చిలక కత్తి! ఒంటి కన్ను నాకేసే చూస్తోంది, మొనకి నిమ్మకాయ కూడా ఉంది. దాన్ని చూడగానే అన్నాళ్ల దిగులూ ఒక్కసారి పొంగుకొచ్చి కళ్ల నీళ్లు కారిపోయాయి. జనాన్ని తోసుకుంటూ పోయి "ఆ కత్తి మాదండీ, దొంగతనం జరిగిందండీ" అని నేను చెబుతూనే ఉన్నాను. కానీ బ్యాండు మోతలో నా మాటలు ఎవరికీ వినపడలేదు. వాళ్లకి కనపడింది ఏమిటంటే, జుట్టు చెదిరిన ఒక పిల్ల ఏడుస్తూ వచ్చి పెళ్లికొడుకు చెయ్యి రెండు చేతులా పట్టుకుని లాగడం.

బ్యాండు ఆగిపోయింది. ఆడపెళ్లివాళ్లలో ఒకావిడ చేతిలోంచి పళ్లెం జారిపడింది. పెళ్లికూతురి అన్న ముందుకొచ్చి పెళ్లికొడుకు షేర్వాణీ పట్టుకుని, "ఎన్నేండ్ల సంది నడుస్తుంది ఇది?" అన్నాడు. "అమ్మతోడు బావా, నేనీమెను ఎప్పుడు సుత చూడలే!" "అందరు గట్లనే అంటరు" అని గుంపులోంచి ఎవరో. అప్పటికి గాని నాకు వెలగలేదు. ఏ తప్పూ నా కంటపడకుండా పోదని విర్రవీగిన నేను, పట్టపగలు నడిరోడ్డు మీద ఒక పెళ్లి చెడగొట్టబోతున్నాను. "అయ్యో, ఈయనెవరో నాకు తెలీదండీ! ఈయన నాకొద్దు, కత్తి చాలు!" అని గొంతు చించుకుని అరిచాను. షేర్వాణీ అన్న సంగతి, దొంగ సంగతి, పోలీసుల సంగతి అన్నీ కలిపి ఊపిరాడకుండా చెప్పేశాను.

అప్పుడు పెళ్లికొడుకు నాయనమ్మ ముందుకొచ్చింది. పెళ్లికొడుకు పట్టుకోవాల్సిన కటారుని వాళ్లు హడావుడిలో ఇంట్లోనే మరిచి వచ్చారట. ఆచారం తప్పకూడదని ఆవిడే షేర్వాణీతో పాటు వచ్చిన ఈ అద్దె కత్తికి నిమ్మకాయ గుచ్చి మనవడి చేతికిచ్చింది. "నీదైతే నీదే బిడ్డా, ఎవలు కాదన్నరు? గని కటారని చేతికిచ్చినంక తాళి పడేదాంక పిలగాని చేతిలకెల్లి తీసేది లేదు. నన్ను దాటి తీస్కపో, చూస్త" అని కొంగు బిగించింది. ఇంతలో పెద్దనాన్న, పెద్దమ్మ రొప్పుతూ వచ్చారు. పెద్దనాన్న కేకలేస్తాడనుకున్నాను. ఆయన కత్తిని చూశాడు, దాని మొనన ఉన్న నిమ్మకాయని చూశాడు. "ఆవిడ చెప్పిందే నిజం. దించకు నాయనా, మూడు ముళ్లు పడేదాకా దించకు. చెయ్యి లాగితే మోచెయ్యి ఒంటికి ఆనించుకో" అన్నాడు. బ్యాండు మళ్లీ మొదలైంది.

అలా మేం పిలవని పెళ్లిలో మొదటి వరసలో కూర్చున్నాం. తాళి కట్టే వేళకి ఒక చిక్కొచ్చింది. కట్టాలంటే రెండు చేతులూ కావాలి, కత్తి కింద పెట్టకూడదు. ఆ కాసేపూ దాన్ని పట్టుకోవాల్సింది వాళ్లక్క మొగుడట. ఆయన కారు పార్కింగ్ చేసొస్తానని పోయి ఇంకా రాలేదు (పంజాగుట్టలో అది మామూలే). నాయనమ్మ చుట్టూ చూసి, "పెద్దాయనా, జర నువ్వు పట్టు. నీదే గద" అంది. పెద్దనాన్న మంటపం ఎక్కి రెండు చేతులా అందుకున్నాడు. ఆయన తూలి ఎవరి మీదైనా పడతాడేమోనని పెద్దమ్మ కూడా ఎక్కి పక్కన నిలబడింది. మేళం మోగింది. అక్షింతలు పెళ్లివారి మీద ఎన్ని పడ్డాయో వీళ్లిద్దరి మీదా అన్ని పడ్డాయి. నేను బావురుమన్నాను. పెళ్లికూతురి అన్న మళ్లీ నా వైపు అనుమానంగా చూశాడు.

కిందికి దిగాక పెద్దమ్మ నా చెవిలో, "నా పెళ్లిలో ఈయన ఇంతసేపు కూడా పట్టుకోలేదే. చెయ్యి లాగుతోందని మాటిమాటికీ మా తమ్ముడికి ఇచ్చేవారు" అంది. మారని కథ అదొక్కటే కదా అనుకునేదాన్ని! పెద్దనాన్న వినపడనట్టు ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. భోజనాలయ్యాక నాయనమ్మ కత్తిని కడిగి, బొట్టు పెట్టి, తాంబూలంతో సహా పెద్దమ్మ చేతిలో పెట్టింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. పెద్దనాన్న ఇప్పుడు లేడు. పెద్దమ్మ నా దగ్గరే ఉంటోంది, చిలక కత్తి కూడా. మొన్న పంజాగుట్టలో ఒక చీరల షాపులో బిల్లు దగ్గర నిలబడి ఉంటే, ఒకావిడ నన్ను తేరిపార చూసి వెనక్కి తిరిగి, "ఇగో, జల్ది రా, నీ ఆమె దొరికింది!" అని మొగుణ్ని కేకేసింది. పొట్ట వచ్చింది, చెంపలు నెరిశాయి గానీ ఆ పెళ్లికొడుకే. నన్ను చూస్తూనే రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. "మా పిల్లలు మా పెండ్లి వీడియో ఎన్నిసార్లు చూసిండ్రో అక్కా. మా కోసం కాదు, నీ కోసం" అని ఆవిడ ఒకటే నవ్వు. ఆ వీడియోలో కత్తి పట్టుకున్న పెద్దాయన ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడంది.

సాయంత్రం ఆ ముక్క ఫోన్‌కి పంపింది. నేనూ పెద్దమ్మా కళ్లజోళ్లు సర్దుకుని చూశాం. పెద్దనాన్న కత్తి నిలువుగా పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు, పక్కన పెద్దమ్మ, ఇద్దరి తలల నిండా అక్షింతలు. ఆయన చెయ్యి వణకలేదు. పెద్దమ్మ అక్కడ ఆపించి చాలాసేపు చూసి, "ఇది ఫొటో చేయించవే అమ్మడూ. మా పెళ్లిది ఒక్కటీ లేదుగా" అంది. చేయించి చిలక కత్తి పక్కనే తగిలించాను. షష్టిపూర్తి ఫొటోనా అని వచ్చినవాళ్లు అడుగుతారు. "కాదు, పెళ్లిది" అంటుంది పెద్దమ్మ. ఆ మూలన చున్నీతో ముక్కు తుడుచుకుంటున్న బక్క పిల్ల ఎవరని అడిగితే మాత్రం, ఎవరో పిలవకుండా వచ్చిన పిల్లేలెమ్మని నేనే చెబుతాను.