అవ్వ చేతి మూర

ఆ రోజుల్లో, అంటే ఓవర్సీరు ఉద్యోగం దొరికి జేబులో కొలత టేపుతో తిరిగిన కొత్తలో, నల్గొండలో నాకు నిటారుగా కనిపించిన గోడ ఒక్కటీ లేదు. (నాకంటే నిటారుగా నడిచే మనిషి కూడా లేడనుకోండి.) వీధి మీదికి వచ్చిన పాత కర్ర మేడ వరండాలకు గుంజలు తీసేసి రాతి కడీలు, అంటే రాతి స్తంభాలు, వేయించాలని, లేదంటే కూల్చేయాలని కొత్త నిబంధన వచ్చింది. నా నిజాయితీ ఊరంతా చెప్పుకోవాలని మొదటి నోటీసు మా ఇంటికే రాసి, నన్ను పెంచిన అవ్వకే చదివి వినిపించాను. అవ్వ గంజి పెట్టిన నూలు ఆరేసేది ఆ మేడ వరండా మీదే. అది పోతే ఆమె బతుకుతెరువు పోయినట్టే. గుంజలను సగం చెదలు తినేశాయని ఆమెకూ తెలుసు. అయినా నూలు చుట్టడం ఆపకుండా "నిన్ను సాకింది నేనా, గీ కాయితమా?" అని మాత్రం అడిగింది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

నాలుగు కడీలు, ఒక్కొక్కటి తొమ్మిది అడుగులు కావాలన్నాను. అడుగులంటే అవ్వకు నమ్మకం లేదు. ఆరు మూరలని విడమరిచి చెప్పాను, అదే నేను చేసిన తప్పు. పానగల్ దగ్గర రాళ్లు కొట్టే మేస్త్రి దగ్గరికి అవ్వ తానే వెళ్లి, బతుకంతా చీరలు కొలిచిన ఆ చిన్న చేత్తో ఆరు మూరలు కొలిచి ఇచ్చి వచ్చింది. ఇంజనీరు సాబు తనిఖీకి వచ్చే ముందు రోజు పొద్దున బండి మీద కడీలు దిగాయి. టేపు పెట్టి చూస్తే నాలుగూ జానెడు తక్కువ. నా నోటీసుతో అవ్వ వరండాను నేనే కూల్చబోతున్నానని ఏడుపొక్కటే తక్కువైంది. వెంట వచ్చిన మేస్త్రి కాసేపు నన్ను జాలిగా చూసి, "సారూ, కడీలు మట్టిల దిగేస్తరా ఏంది? కింద పీటరాయి వద్దా?" అన్నాడు. నోటీసు తీసి చూసుకున్నాను. ప్రతి కడీ కింద జానెడు ఎత్తు పీటరాయి తప్పనిసరి అని నా దస్తూరీలోనే, కింద గీత గీసి మరీ ఉంది. రాసిన నేనే ఆ జానెడును తొమ్మిది అడుగుల్లోంచి తీసేయడం మరిచిపోయాను.

అవ్వ ఏమాత్రం తడుముకోలేదు. "గా జానెడు ఇడిసిపెట్టే కొలిచిన. నీకు యాదికొస్తదో లేదోనని సూసిన" అంది. (ఈ మాట నేను ఇప్పటికీ నమ్మను.) చీకటి పడేలోపు వరండాకు కర్రలు ఆనించి, ఒక్కో గుంజా తీసి, ఒక్కో కడీ నిలబెట్టాం.

మర్నాడు ఇంజనీరు సాబు కడీల చుట్టూ తిరిగి, బరువు ఆగుతుందా అని అనుమానంగా అడిగాడు. నేను లెక్కలు చెప్పబోతుంటే అవ్వ వాడలోని ఆడవాళ్లందరినీ తడి నూలుతో మేడెక్కించింది. ఆపైన నా వైపు తిరిగి, "కాయితం రాసినోనివి నువ్వే గద బిడ్డా. జర నడుమల నిలబడు" అంది. వెళ్లి వరండా కింద నిలబడ్డాను. పైన ఇరవై మంది నవ్వుతూ నడుస్తుంటే నా కొత్త ప్యాంటు మీద గంజి బొట్లు పడ్డాయి గానీ, ఒక్క దూలం కిర్రుమనలేదు. సాబు అక్కడికక్కడే సంతకం చేశాడు. గెలిచింది అవ్వో నేనో ఆ క్షణాన తేల్చుకోలేదు, ఇద్దరం ఒకటే నవ్వు.

తర్వాత పెద్ద ఉద్యోగాలు చేశాను. వంతెనలు, బడులు, ఎన్నింటి మీదో సంతకాలు పెట్టాను. దేని కిందా వెళ్లి నిలబడలేదు, నిలబడమన్నవాళ్లూ లేరు. గంజి కారుతున్న తలతో, పైనున్న దూలాల వంకే చూస్తూ, కాలు మాత్రం కదపని ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.