హీర్యా మూలకు వచ్చే చేపలు

తెల్లవారుజామున సోమ్లీ కొంగు కింద రొట్టె దాచుకుని కుంట గట్టు ఎక్కేసరికి, అవి అప్పటికే వచ్చి ఉండేవి. తూర్పు మూలన, నీళ్లపైకి మూతులు పెట్టి, గట్టువైపే చూస్తూ. కుంటంతా ఖాళీగా ఉండగా ఆ ఒక్క మూలకే ఎందుకు వస్తాయో, మనిషి పొడ లేకముందే ఎవరికోసం కాచుకుంటాయో తండాలో ఎవరికీ అంతుపట్టలేదు. సోమ్లీకి తెలుసు. తెలుసు కాబట్టే నోరు విప్పలేదు.

నర్సింహులపేట అవతల ఉన్న ఆ తండాకు ఆమె కొడకండ్ల దిక్కునుంచి కోడలిగా వచ్చింది. పెనిమిటి హీర్యాతో కలిసి ఊరూరా మట్టి మోసింది. చెల్పూర్‌లో కరెంటు ప్లాంటు కట్టేటప్పుడు ఇద్దరూ అక్కడే రేకుల కొట్టంలో కాపురం పెట్టారు. "ఎవలెవలికో తవ్వి పెట్టుడేనా? మనకొక కుంట తవ్వుకుందం" అని హీర్యా ఇంటికి తిరిగొచ్చి తన చెలకలోనే గడ్డపార దించాడు. రవ్వ, బొచ్చె చేపపిల్లల్ని వదిలాడు. తూర్పు మూలన ఒక బండరాయి వేసుకుని, పొద్దున్నే దానిమీద గొంతుకూర్చుని రొట్టె తినేవాడు. జొన్నరొట్టె, ఎండుచేపల పొడి. చేపల్ని తలలతో, ముళ్లతో సహా పెనం మీద మాడేదాకా వేయించి రోట్లో దంచాలి. ముళ్లు ఏరేస్తే అలిగేవాడు. తానొక బుక్క తింటే చేపలకొక ముక్క విసిరేవాడు.

చలికాలంలో జ్వరం వచ్చి హీర్యా పోయాడు. దినాలు ముగిశాక తండా పెద్ద జైసింగ్, వరసకు మరిది, ఇంటి ముందు నిలబడి చెప్పాడు.

"వదినె, ఇగ ఆయన పళ్లెం కడిగి బోర్లియ్యి. దినాలైనంక కూడ బుక్క పెడితె పోయినోడు గడప ఇడువడు. పెద్దల మాట ఇది, నాది కాదు."

సోమ్లీ తలూపింది. తెల్లారి రొట్టెలు కాల్చి చూసుకుంటే రెండున్నాయి. తనకొకటి, ఇంకొకటి ఎవరికో చేతికే తెలుసు. ఆ రెండోదాన్ని కొంగు కింద పెట్టుకుని కుంటకు నడిచింది. బండమీద కాసేపు ఉంచింది. ఎవరూ తినకపోతే ముక్కలు తుంచి, పొడి అద్ది, నీళ్లలో వేసింది. చేపలు చప్పున అందుకున్నాయి. ఆ పొద్దునుంచి ఒక్క రోజు తప్పలేదు.

హీర్యా ఉన్నప్పుడు దుకాణపు మేత తెచ్చేవాడు. ఆమెకు అంత దూరం పోయివచ్చే ఓపిక లేదు. తవుడు, పల్లిచెక్క కలిపి, బొక్కలు పొడిచిన సంచుల్లో నింపి, కుంట నడుమ గుంజలకు కట్టేది. చేపలు వచ్చి సంచుల్ని కుమ్ముకుని తినేవి. కడుపు నిండుతోంది కదా, ఇంకేం కావాలి అనుకుంది.

ఎండలు ముదిరేటప్పటికి పక్కింటి లచ్చి బట్టలు పిండటానికి పోయి, పిండకుండానే పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, నీ కుంటల చేపను చూసినవా? నడుమిరిగిన ముసల్దానిలెక్కున్నది!"

సోమ్లీ పోయి చూసింది. ఒకటి కాదు. సంచుల చుట్టూ తిరిగేవన్నీ అట్లాగే ఉన్నాయి. వీపు కొడవలిలా వంగింది. మొప్పమీది రేకు కురచై లోపలి ఎరుపు కనిపిస్తోంది. ఒక్కొక్కటి ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది, ఎవరో కింద కూర్చుని దారం పట్టి తిప్పుతున్నట్టు. నీళ్ల చప్పుడు కూడా లేదు.

ఇంకో సంగతి కనిపెట్టింది కూడా లచ్చే. దాని కళ్లు ఊరుకోవు కదా. తూర్పు మూలకు వచ్చే చేపలు మాత్రం చెక్కినట్టు తిన్నగా ఉన్నాయి.

దాంతో తండాకు అసలు భయం పట్టుకుంది. వంకరవాటికంటే తిన్నగా ఉన్నవాటిని చూస్తేనే ఒళ్లు జలదరించసాగింది. "తిన్నగున్నయి హీర్యావి, వంకరవి మనయి" అన్నారెవరో. ఆ మాట గుడిసె గుడిసెకూ తిరిగింది. కుంటలో బట్టలు పిండటం మానేశారు. బర్రెల్ని అటు తోలటం మానేశారు. చేపలు కావాలని అడిగేవాళ్లే లేరు. జైసింగ్ వచ్చి దూరంగానే నిలబడ్డాడు.

"సీత్లా పండుగ లోపల గండి కొట్టి, కుంట పూడ్చాలె వదినె. పండుగనాడు పశువులు ఇటుకెల్లే నడుస్తయి. గీ నీళ్లు తాగితె ఎట్ల?"

"ఆయన చేతులతోని తవ్విండు జైసింగ్."

"గందుకే పూడ్చమంటున్న."

సోమ్లీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు మండలానికి పోయి, చేపల ఆఫీసులో పనిచేసే యమున అనే పిల్లను బతిమాలి వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల వల వేసి సంచుల దగ్గర ఒక చేపను, తూర్పు మూలన ఒక చేపను పట్టింది. హీర్యా బండమీదే రెండింటినీ కోసింది. చూడటానికి జైసింగ్ వచ్చాడు, లచ్చి వచ్చింది, వద్దనుకున్నవాళ్లు కూడా వచ్చారు.

వంకర చేప వెన్నెముకను యమున రెండు వేళ్లతో వంచింది. అది నానిన ఈనెపుల్లలా వంగింది, విరగలేదు. తిన్నని చేప ముల్లు వంచితే టక్కుమంది.

"అవ్వా, గీ మూలల ఏమేస్తున్నవ్?"

సోమ్లీ జైసింగ్ దిక్కు చూసింది. చెప్తే, పోయినోణ్ణి పోనీయకుండా పట్టుకున్నది తానే అని తేలిపోతుంది. జైసింగ్ ఈ పొద్దే గండి కొట్టిస్తాడు. చెప్పకపోతే ఈ పిల్ల చేతులు దులుపుకుని వెళ్లిపోతుంది, చేపలు తిరిగి తిరిగి చస్తాయి. ఎటు చూసినా కుంట పోయేదే. నీళ్లవైపు చూసింది. మిట్టమధ్యాహ్నం అయినా, ఆమె అక్కడ ఉందని ఎట్లా తెలిసిందో, మూతులు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి.

"రొట్టె" అంది. "ఎండుచేపల పొడి అద్ది."

జైసింగ్ బండమీద ఆనించిన కాలు చటుక్కున తీసేశాడు. "నేను వద్దంటిని గద వదినె!"

యమున అతనివైపు చూడనే లేదు. "పొడి ముళ్లతోని దంచినవా అవ్వా?"

"ముళ్లు లేకుంటె ఆయన తినడు."

తినేవాడు కాదు అనలేదు, తినడు అంది. 

తర్వాత యమున విడమరిచి చెప్పింది. ఎముకకు భాస్వరం కావాలి. తవుడులో అది ఉంటుంది గాని చేప కడుపుకు అరగదు. కండ పెరుగుతుంది, ఎముక పెరగదు. మూలకు వచ్చినవాటికి ముళ్లపొడి దొరికింది కాబట్టి ఎముక గట్టిపడింది. మేతలో ఖనిజాల పొడి కలిపితే కొత్త పిల్లలు తిన్నగా ఎదుగుతాయి, వంగినవి మాత్రం వంగినట్టే ఉంటాయి. "చెప్పినంతనే కలుపు అవ్వా, ఎక్కువేసినా ముప్పే" అంది.

"అంటె మా బావ సచ్చి కూడ చేపలకు దవాఖాన నడుపుతుండన్నట్టు" అంది లచ్చి. నవ్వబోయి, బండవైపు చూసి ఆగిపోయింది.

జైసింగ్ గడ్డం గోక్కున్నాడు. "సరే, కుంట ఉండనీ. పొడి సంచులల్ల పెట్టుకో. గని గీ మూలకు మెతుకు పడొద్దు. కుంట కావాల్నా, మూల కావాల్నా, నువ్వే చెప్పు."

సోమ్లీ బండమీద చెయ్యి ఆనించింది. "కుంట ఆయనది" అంది. "మూల నేను పెట్టుకున్నది, ఇడుస్త."

యమున ఇచ్చిన ఖనిజాల పొడి తెల్లగా, గరుకుగా ఉంది. హీర్యా బూడిద ఎత్తిన పొద్దు అరచేతికి తగిలిన గరుకే ఇది. మొదటిసారి కలిపేటప్పుడు చెయ్యి ఆగింది. ఊరికే చల్లితే నీళ్లలో కరిగిపోతుందని యమున చెప్పింది కదా అని, దాన్ని తవుడూ చెక్కాతో కలిపి గంజితో పిసికి, ఉండలు ఆరబెట్టి, సంచులు నింపింది. కొత్త పిల్లల్ని వదిలింది.

మూల చేపలు మాత్రం మానలేదు. తెల్లారేసరికి వచ్చి, మూతులు తెరిచి మూసి, తెరిచి మూసి కాచుకునేవి. చప్, చప్ అని ఆ చప్పుడు గట్టు దిగేదాకా వెంట వచ్చేది. సోమ్లీ ముఖం పక్కకు తిప్పుకుని నడిచేది. ఇంట్లో రొట్టెలు ఇంకా రెండే అయ్యేవి. రెండోదాన్ని బర్రెకు పెట్టేది.

పండుగ నాడు పశువులు కుంట పక్కనుంచే నడిచాయి. వానలు పడ్డాయి, కుంట నిండింది. వంకర చేపలు వంకరగానే ఉన్నాయి గాని, తిరగటం మానేశాయి. కొత్త పిల్లలు బాకుల్లా తిన్నగా ఎదిగాయి. లచ్చి మళ్లీ బట్టల మూట తెచ్చింది. జైసింగ్ ఇంటినుంచే చేపలు కావాలని కబురొచ్చింది.

ఒక పొద్దు సోమ్లీ గట్టు ఎక్కేసరికి చప్పుడు వినిపించలేదు. తూర్పు మూలన ఒక్క మూతి లేదు. అన్నీ నడుమ, సంచుల దగ్గర కలకలలాడుతున్నాయి. మూలన నీళ్లు అద్దంలా పరుచుకుని ఉన్నాయి, అందులో బండరాయి నీడ ఒక్కటే ఉంది. ఇన్నాళ్లూ కళ్లు తిప్పుకుని నడిచిన మనిషి, ఆ పొద్దు బండమీద కూర్చుండిపోయింది.

కొంగు కింద రొట్టె ఉంది. ఎప్పుడు పెట్టుకుందో తెలియదు. ఒక ముక్క తుంచింది, పొడి లేకుండానే, నీళ్లలో వేసింది.

ఎంతసేపటికో నడుమనుంచి ఒక పాత రవ్వ విడివడి, తొందరలేకుండా ఈదుకుంటూ వచ్చింది. రొట్టె ముక్క కిందకు వచ్చి ఆగింది. తినలేదు. ఆమెవైపు కాదు, ఆమె పక్కన బండమీద ఖాళీగా ఉన్న చోటువైపు చూస్తూ కాసేపు నిలిచి, వెనక్కు తిరిగి వెళ్లిపోయింది.

ముక్క నాని మునిగిపోయేదాకా సోమ్లీ అక్కడే ఉంది. తర్వాత లేచి, బండమీద తన పక్క చోటును కొంగుతో తుడిచి, ఇంటికి పోయి ఒక్క రొట్టెకే పిండి తడిపింది.